కంకర కింది పేర్లు

కాశిబుగ్గ, వరంగల్
3 ఫిబ్రవరి 2025

పేర్లు మింగినదానా,

చనిపోయిన నలుగురి పేర్లు మింగేసి, వాళ్ల చావుకు కారణమైనవాడి బ్యానర్ కింద నిలబడి, జనానికి చేతులూపి స్టేజీ దిగిపోయావు నువ్వు. ఎవరో చెప్తే విని రాయడం లేదు. శనివారం మూడో వరుసలో కూర్చుని ఈ కళ్లతో చూశాను.

ఫోన్లో నన్ను బ్లాక్ చేశావు. మీ కొత్త పాట మీద నేను పెట్టిన మెసేజీలు టార్చర్ అని మా అక్కతో, అంటే మీ అమ్మతో, చెప్పుకున్నావట. పోస్టుమన్‌ను బ్లాక్ చేసే బటన్ ఇంకా రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు చిన్నమ్మను మాత్రమే అయితే నాకు ఇంత మంట ఉండేది కాదు. నేను మీ 'లూప్‌లైన్' బ్యాండ్ అభిమానిని. జిరాక్సు దుకాణం నడుపుకుంటూ, సంఘాలకు కరపత్రాలు రాసిపెట్టే యాభై రెండేళ్ల ఆడమనిషిని. హిప్‌హాప్ అంటే టోపీ వెనక్కి తిప్పుకుని మగపిల్లలు ఒకరినొకరు తిట్టుకోవడం అనుకునేదాన్ని. అట్లాంటి నాకు డోర్నకల్ పిల్లలు ముగ్గురు, నువ్వూ ఓంప్రకాశూ దీపా, 'కంకర' పాట వినిపించారు. మొదట మాట లేదు. సుత్తె దెబ్బ. ఓంప్రకాశ్ వాళ్ల నాయన రైల్వే గ్యాంగ్‌మన్. ఆయన సుత్తెతోనే పట్టాల పక్కన రాయి కొట్టి రికార్డు చేశాడట. దాని మీద దీప ఊపిరి. రాగం కాదు, తట్ట ఎత్తుకున్న మనిషి విడిచే ఊపిరి. అప్పుడు నువ్వు వచ్చావు:

రైలు పోతాంది ఊపుల, నువు ఊగుతానవ్ నిద్రల,
పట్టాల కింద కంకర, కంకర కింద ఎవరురా?

'ఎవరురా' దగ్గర ఇంకొకరైతే అరిచేవాళ్లు. నువ్వు గొంతు తగ్గిస్తావు. నా కరపత్రాల్లో ప్రతి వాక్యం చివర ఒక ఆశ్చర్యార్థకం ఉంటుంది. ఆ పాట విన్న రోజు వాటన్నిటినీ పీకి పారేయాలనిపించింది. నువ్వు ఎక్కడ ఊపిరి తీసుకుంటావో కూడా నాకు కంఠతా వచ్చు. దుకాణంలో రోజూ అదే మోగుతుంది. పక్కింటి మగ్గం ఆయన 'అక్కా, జర ఇంకో పాట పెట్టరాదే' అని బతిమాలాడు. పెట్టలేదు.

ఇక మూడో చరణం. రాళ్లను కంకర చేసే క్రషర్ దగ్గర పొద్దున్నే మేస్త్రీ హాజరు పిలిచినట్టు నువ్వు పేర్లు పిలుస్తావు, జనం జవాబు చెప్తారు.

ఎల్లస్వామి ఉన్నడా? పోయిండు!
వెంకటయ్య ఉన్నడా? పోయిండు!

తర్వాత సారయ్య, రాజలింగు. వర్ధన్నపేట దారిలోని క్రషర్ క్వారీలో నాలుగేళ్ల కింద మందు పేలి పోయినవాళ్లు. ఆ చరణం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. రెండేళ్ల కింద, నవంబరులో సమాధుల పండుగ నాడు, మీ తాత సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి నిలబడ్డాం. చర్చి అయ్యగారు ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు చదువుతుంటే మా అమ్మ ఒక్కో పేరుకూ తల ఊపింది. నువ్వు నా చెవిలో, 'చిన్నమ్మా, పేరు చదివితే చాలు, ఇంక పాట అక్కరలేదు' అన్నావు. దేవుడితో నాకు మాటలు లేవని నీకు తెలుసు. అయినా ఆ మాటకు ఆమెన్ అన్నాను.

శనివారం నేను ఒంటరిగా రాలేదు. వెంకటయ్య భార్య పూలమ్మను ఆటోలో తోలుకొచ్చాను. రెండో చరణం అయిపోగానే ఆమె చెవి దగ్గరికి వంగి, 'ఇగ వస్తది, ఇప్పుడే' అన్నాను. రాలేదు. వట్టి సుత్తె దెబ్బలు, దీప ఊపిరి, నువ్వు తల వంచుకుని నిలబడటం. ఆ తర్వాత పాట అయిపోయింది. పూలమ్మ నన్ను అడిగింది: 'మరిచిపోయిందా బిడ్డ?'

నీ వెనక బ్యానర్ మీద క్రషర్ యజమాని రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. పూలమ్మకు నేను ఏం చెప్పాలి?

మొగిలమ్మ కూడా రాలేదు. ఎల్లస్వామి పెండ్లాం. వస్తానన్న మనిషి చివరికి మోకాళ్ల నొప్పులంది. మార్చి పన్నెండున క్రషర్ మళ్లీ తెరవడానికి ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. ఆలోపు ఎవరెవరి మోకాళ్లు నొప్పి పెడతాయో, ఎవరెవరి గొంతులు పోతాయో చూస్తూనే ఉంటాను.

జవాబు రాయి. ఏడుపు బొమ్మలు పంపడానికి ఇది ఫోను కాదు.

మీ పాటను నీకన్నా బాగా గుర్తుపెట్టుకున్న
జ్యోతి


హైదరాబాద్
10 ఫిబ్రవరి 2025

చిన్నమ్మకు ప్రభువు నామమున వందనాలు. (నీకు ఒళ్లు మండుతుందని తెలిసే రాశాను.)

కాగితమే మంచిది. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనియ్యవు. ఇక్కడ మధ్యలో అందుకోలేవు కదా.

పేర్లు ఆపింది నేనే. దీపను, ఓంప్రకాశ్‌ను అనకు. ఎందుకు ఆపానో చెప్పను. చెప్పనని ఒకరికి మాటిచ్చాను. అంతే.

బ్యానర్ సంగతి. మమ్మల్ని పిలిచింది యువజన సంఘం. ఆ బొమ్మ మేము సౌండ్ చెక్‌కు వెళ్లేసరికి వేలాడుతోంది. ఓంప్రకాశ్ 'పోదాం పా' అన్నాడు. నేనే ఆపాను. వరంగల్ జనం మా కోసం వచ్చారు, ఆయన కోసం కాదు అనుకున్నాను. తప్పో ఒప్పో నాకు ఇంకా తెలియదు. నీకు అన్నీ వెంటనే తెలుస్తాయి. అదృష్టం.

ఇప్పుడు నా వంతు. అభిమానిని అని రాసుకున్నావు. కాదు చిన్నమ్మా, నువ్వు ఇన్‌స్పెక్టర్‌వి. కొత్త పాటలో కాఫీ, వాన, బాల్కనీ తప్ప ఏమీ లేవని పదిహేను మెసేజీలు పెట్టావు. డోర్నకల్ క్వార్టర్లో ఎండాకాలం రేకుల కింద పడుకున్నదాన్ని నేను. మొదటిసారి నాకొక బాల్కనీ దొరికితే, అందులోకి వాన వస్తే, దాని మీద ఒక పాట రాయకూడదా? చావు మీద రాస్తే నీ బిడ్డను, వాన మీద రాస్తే పరాయిదాన్నా? నీకు మా పాట కాదు కావలసింది, మైకున్న కరపత్రం.

పైగా దాన్నీ సరిగ్గా వినలేదు. మూడో చరణం ఖాళీ వదిలాం. తీసేయలేదు. ఆ రెండింటికీ తేడా ఉంది. ఊపిరి తీసుకునే చోటు కూడా తెలిసిన మనిషికి అది వినిపించలేదంటే ఆశ్చర్యమే.

అమ్మమ్మ మా పాటను తిట్టుపాట అంటుంది. సంతోషం. ఆమెకు మా నుంచి ఏ ఆశా లేదు, అందుకే ఏ కోపమూ లేదు. వారానికోసారి ఫోన్ చేసి 'తిట్టుపాటలు అయినయా, తిన్నవా' అంటుంది.

పూలమ్మను అడిగానని చెప్పు.

స్వప్న


కాశిబుగ్గ
14 ఫిబ్రవరి 2025

మాటిచ్చిన మహాతల్లీ,

'ఒకరికి మాటిచ్చాను' అని నీ చేత్తో నువ్వే రాశావు. చాలు. ఎవరికిచ్చావో ఊహించడానికి నాకు జ్యోతిష్యం రానక్కరలేదు. వేదిక ఎవడిదో మాట వాడికే. మొగిలమ్మ మోకాళ్లూ అదే డాక్టరు దగ్గరికి వెళ్లాయని ఇప్పుడు అర్థమైంది.

ఖాళీ వదలడం వేరు, తీసేయడం వేరు అని నాకు పాఠం చెప్తావా? ఖాళీ ఎక్కడ వదిలావన్నది ముఖ్యం. డోర్నకల్ స్మశానంలో మౌనంగా నిలబడితే అది దుఃఖం. యజమాని ఫోటో కింద నిలబడితే అది జీ హుజూర్. ఆ హాలులో కూర్చున్న పిల్లలకు మూడో చరణం అక్కడ ఉండేదని ఎట్లా తెలుస్తుంది? తెలిసిన ఇద్దరం ఆడవాళ్లం ఉన్నాం. ఒకామె నువ్వు మరిచిపోయావనుకుంది. రెండో ఆమె నువ్వు అమ్ముడుపోయావనుకుంది. ఇంకో అర్థం ఉంటే చెప్పు.

నీ బాల్కనీ మీద నాకు కోపం లేదు. వాన మీద రాసుకో. కానీ ఆ పాటలో నీ గొంతు ఎవరిదైనా కావచ్చు. డోర్నకల్ ఎక్కడుంది అందులో? మన యాసలో 'ఊపుల, నిద్రల' అని పాడిన పిల్ల ఇప్పుడు 'ఊపులో, నిద్రలో' అన్నట్టు నోరు కడుక్కుని పాడుతోంది. నాకు గుచ్చుకున్నది అది. మెసేజీ పదిహేనుసార్లు పెట్టినా నీకు ఎక్కనిదీ అదే.

దీంతో ఒక కాగితం జత చేస్తున్నాను. 'అమ్ముడుపోయిన గొంతు'. నిన్ననే అచ్చయింది. వర్ధన్నపేట బస్టాండులో, కాశిబుగ్గ చౌరస్తాలో పంచాం. నీ పేరు పైన పెద్ద అక్షరాల్లో ఉంది. సొంత రక్తమని వదిలిపెట్టిందని రేపు నన్ను ఎవరూ అనకూడదు. మొగిలమ్మ సంగతి కూడా రెండో పేరాలో ఉంది: 'స్థానిక క్రషర్ యాజమాన్యం ప్రలోభాలకు మృతుల కుటుంబాల్లో సైతం కొందరు లొంగారు.' పేరు పెట్టి మరీ రాశాను. నొప్పిగానే ఉంది, అయినా రాశాను.

మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. 'నీకు మనుషులు అక్కరలేదే, మీటింగులే కావాలె' అంది. అనుకోనీ.

జ్యోతి


హైదరాబాద్
21 ఫిబ్రవరి 2025

జ్యోతి గారికి,

చిన్నమ్మ అని రాయబుద్ధి కావడం లేదు.

నేను మాటిచ్చింది మొగిలమ్మకు.

జనవరిలో ఆమె దీపకు ఫోన్ చేసింది. రమ్మంది, ముగ్గురం వాళ్ల ఊరు వెళ్లాం. ఆమె బిడ్డకు కొడుకు పుట్టాడని నీకు తెలుసు. ఆ పిల్లాడికి ఏం పేరు పెట్టారో తెలుసా? తాత పేరు. ఎల్లస్వామి. మొగిలమ్మ వాణ్ని పేరు పెట్టి పిలవదు, మొగని పేరు కదా. 'ముసలోడా' అంటుంది. పేరుపెట్టి పిలిచేది తల్లి. మేము వాకిట్లో చాయ్ తాగుతుంటే పిల్లాడు బయటికి నడిచాడు. తల్లి లోపలి నుంచి కేకేసింది, 'ఎల్లస్వామీ!' అని. గల్లీలో గోలీలాడుతున్న పోరలు ఆటలోంచి తల కూడా ఎత్తకుండా, ముక్తకంఠంతో అన్నారు:

'పోయిండు!'

ఓంప్రకాశ్ చాయ్ కింద పెట్టేశాడు. మొగిలమ్మ నా వైపు చూసింది. 'రోజూ గిదే బిడ్డా. మీ పాట మంచిగున్నది. నేనూ మస్తు ఏడ్చిన ఇనుకుంట. గని మా ముసలోడు ఇప్పుడిప్పుడే నడుస్తాండు. వాణ్ని పిలిచినప్పుడల్ల పోయిండంటే నా పాణం ఎట్లుంటది?'

మన దగ్గర పోయినవాళ్ల పేరు చదవడమే మర్యాద. సమాధుల పండుగ నాడు ఒక పేరు చదవకపోతే అయ్యగారితో కొట్లాడతాం. అందుకే నాకు తట్టలేదు. నీకూ తట్టలేదు. వాళ్ల ఇంట్లో పోయినవాని పేరు మళ్లీ పుట్టినవానికి ఇస్తారు. ఇచ్చాక అది చచ్చినవాని పేరు కాదు. మనం దాన్ని చావుకే అంటగట్టి జనానికి నేర్పాం. జనం బాగా నేర్చుకున్నారు.

నీకు చెప్తానంటే ఆమే వద్దంది. 'మీ చిన్నమ్మకు చెప్పకు, మీటింగు పెడ్తది' అంది. నవ్వొచ్చింది అప్పుడు. ఒక్క ఎల్లస్వామి పేరే తీసేస్తే అందరి వేళ్లూ ఆమె వైపే లేస్తాయని మొత్తం ఖాళీ వదిలాం. వేలు లేవనే లేచింది. నీదే. అచ్చులో.

మాట తప్పాను. నువ్వు తప్పించావు.

నీ కాగితం మూడుసార్లు చదివాను. పైన 'స్వప్న', కొట్టొచ్చినట్టు. రెండో పేరాలో 'మొగిలమ్మ'. క్రషర్ ఆయన పేరు వెతికాను. లేదు. 'స్థానిక క్రషర్ యాజమాన్యం' అట. ఇరవై ఆరేళ్ల పిల్ల పేరు రాయడానికి, కూలికి పోయే ఆడామె పేరు రాయడానికి నీకు ఏ అడ్డమూ లేదు. అక్కడికొచ్చేసరికి నీ పెన్నులో సిరా అయిపోయిందా?

ఇంక ఉత్తరాలు రాయకు.

స్వప్న


కాశిబుగ్గ
2 మార్చి 2025

స్వప్నకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. తర్వాత నీ ఇష్టం.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మొగిలమ్మ దుకాణానికి వచ్చింది. చంకలో పిల్లాడు, చేతిలో నా కరపత్రం. నలుగురు గిరాకీ ఉన్నారు. వాళ్ల ముందే అడిగింది.

'ఇది నువ్వు రాసిందేనా చెల్లె?'

'నేనే.'

'మా పోరి సదివి చెప్పింది. నేను అమ్ముడుపోయిన్నట. ఎంతకు పోయిన్నో గూడ రాస్తే అయిపోతుండె, వసూలుకు పోదును.'

గిరాకీలో ఒకడు నవ్వాడు. వాడి కాగితాలు వాడి చేతిలో పెట్టి పొమ్మన్నాను.

ఆ వాక్యం తప్పు. నీ పేరు మీద వేసిన శీర్షికా తప్పు. మిగిలిన ప్రతులు ఆమె ముందే చింపాను. పంచినచోటే, నా పేరుతో, ఆ రెండు మాటలూ వెనక్కి తీసుకుంటున్నానని ఇంకో కాగితం పంచాను. నీకూ జత చేశాను. చదువుకో. దీని మీద ఇంతకన్నా రాయను, ఎందుకంటే నీతో నా తగాదా తీరలేదు.

తగాదా మొగిలమ్మతో కూడా పెట్టుకున్నాను. నేను నేనే కదా. 'అమరుల పేర్లు జనం నోట్లో ఉండాలె మొగిలమ్మా' అన్నాను.

'జనం నోట్ల ఉన్నది చెల్లె. అందుకే వచ్చిన' అంది. 'పేరు వీనికి పెట్టిన నాడు, మా ఇంటాయన మల్ల ఇంట్లకొచ్చిండనుకున్న. గల్లీలకు తోలితే పోరలు రోజుకు పదిసార్లు సంపుతాండ్రు. ఒక్కసారి సచ్చినోడు సాలడా మీకు?'

పిల్లాడు మెషిన్ ట్రే లోంచి తెల్లకాగితాలు ఒక్కొక్కటే లాగి కింద పడేస్తున్నాడు. ఎవరూ ఆపలేదు.

అప్పుడు ఆమె నువ్వు అడిగిందే అడిగింది. మీ ఇద్దరూ కూడబలుక్కున్నారా అని నాకు అనుమానం. 'నీ కాయితంల నా పేరున్నది, నీ బిడ్డ పేరున్నది. వాని పేరేది?'

'యాజమాన్యం అని రాసినం గద.' యజమాని పేరు రాయొద్దని వకీలు అన్నాడనీ, పరువునష్టం కేసు పడుతుందనీ చెప్పాను.

ఆమె నా ముఖంలోకి చూసి అంది: 'నేనంటే నా మొగని పేరు నోట తియ్య. అది మా కట్టుబాటు. మీకేమైంది? పాటల లేదు, కాయితంల లేదు. సచ్చినోళ్ల పేర్లయితే డప్పు కొట్టి మరీ చెప్తాండ్రు. వాడు మీ మొగడా, పేరు దాస్తానికి?'

పిల్లాణ్ని చంకనేసుకుని వెళ్లిపోయింది.

నీ పాట మళ్లీ పెట్టుకుని విన్నాను, నీ మీద కోపంతోనే. 'కంకర కింద ఎవరురా' అని అంత చల్లగా అడుగుతావు. కంకర మీద ఎవడు కూర్చున్నాడో ఒక్కచోట కూడా అడగవు. ఇన్నాళ్లూ ఆ పాటను నా అంత బాగా విన్నవాళ్లు లేరనుకున్నాను. నాకు అందులో లోటు వినిపించలేదు. నా కరపత్రంలో ఉన్నదీ అదే లోటు కాబట్టి. నన్ను ఎత్తిపొడవడానికి నీకు తెలిసింది, నీ పాటలో పెట్టడానికి తెలియలేదా? నువ్వు కూడా 'క్రషర్ ఆయన' అనే రాశావు, చూసుకో. ఆయనట, ఆయన!

నువ్వు పాటలో ఖాళీ వదిలావు. నేను కాగితంలో 'యాజమాన్యం' అని పూడ్చాను. ఆ ఖాళీ వాడికి ఎంత సుఖంగా ఉందో బ్యానర్ మీద నవ్వు చూస్తే తెలియడం లేదా?

పూలమ్మ దగ్గరికీ వెళ్లాను. ఆమె మాట వేరు. 'మాకు పిల్లలు లేరు. ఆయన పేరు పెట్టుకునేటోళ్లు లేరు. మీ పాటల్నే ఉన్నడు. తీస్తే ఊకోను' అంది. కాబట్టి అందరికీ కలిపి ఒకే న్యాయం చెప్పి తప్పించుకోవడం నీకూ కుదరదు, నాకూ కుదరదు. గడప గడపకూ వెళ్లి అడగాలి. ముందే అడగవలసింది.

నీ వాన పాట ఇప్పటికీ నాకు నచ్చలేదు.

నా చేతి కాగితం ఏదీ డిమాండ్లు లేకుండా ముగియదని నీకు తెలుసు.

ఇట్లు,
జ్యోతి

డిమాండ్లు:

1. ఎల్లస్వామి పేరు పాటలోంచి తీసేయాలి. అది ఇప్పుడు పిల్లాడిది.

2. వెంకటయ్య పేరు ఉండాలి. పూలమ్మ వినేంత గట్టిగా ఉండాలి.

3. సారయ్య, రాజలింగు ఇండ్లకు నువ్వే వెళ్లి అడగాలి. వాళ్లు ఏమంటే అది చేయాలి.

4. ఖాళీ వదిలిన చోట యజమాని పేరు పిలవాలి. వేములకొండ శశిధర్. ఇంటిపేరుతో సహా. నేను అచ్చు వేస్తున్నాను, కింద నా పేరూ చిరునామా పెట్టి. కేసు పడితే ఇద్దరి మీదా పడాలి.

5. అతని బ్యానర్ కింద ఇంకెప్పుడూ పాడకూడదు. పొద్దున కట్టినా, పాట మధ్యలో కట్టినా దిగిపోవాలి.

6. మార్చి పన్నెండున ప్రజాభిప్రాయ సేకరణ దగ్గర, క్రషర్ గేటు ముందు మీరు ముగ్గురూ పాడాలి. సుత్తె తెచ్చుకోవాలి.

7. 'ఊపుల' అనే పాడాలి.

8. నన్ను అన్‌బ్లాక్ చేయాలి.

9. పాడటానికి ముందు రోజే వచ్చి, మొగిలమ్మ గల్లీలో గోలీలాడే పోరలను కూర్చోబెట్టి, ఎల్లస్వామి అని పిలిస్తే 'ఉన్నడు' అనాలని నేర్పాలి. మొదటి జవాబు నేర్పింది నువ్వు. అది నోటికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలకూడదు.